రంగు వెనక చేవ

బల్లార్షా స్టేషన్‌లో గోడల నిండా పులులే. తాడోబా అడవిలోని పులులు, జింకలు, నెమళ్ళు రంగుల్లో గోడలెక్కాయి. కాజీపేట నుంచి ఢిల్లీ దారి పట్టే తెలుగువాళ్ళకు ఈ ఊరు తరాల పరిచయం. మంచిర్యాల, కాగజ్‌నగర్ దాటాక, వార్ధా వంతెన మీద చక్రాల చప్పుడు మారిందంటే బల్లార్షా వచ్చేసినట్టే. సీసాలు పట్టుకుని దిగేవాళ్ళు, వడాపావ్ కోసం కిటికీలోంచి చెయ్యి చాపేవాళ్ళు, మహారాష్ట్రలో అడుగుపెట్టామని పిల్లలకు చెప్పేవాళ్ళు కనిపిస్తారు. 2018లో రైల్వేశాఖ అందమైన స్టేషన్లకు పోటీ పెడితే, బల్లార్షా, పక్కనే ఉన్న చంద్రపూర్ కలిసి మొదటి బహుమతి గెలుచుకున్నాయి. మిథిల చిత్రాలకు పుట్టినిల్లయిన మధుబని కూడా వీటి తర్వాతే నిలిచింది.

ఈ రెండు ఊళ్ళూ ఉన్న చంద్రపూర్ జిల్లాకు అది చిన్న సంగతి కాదు. బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాలు, 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, కాగితం మిల్లు అన్నీ అక్కడే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను కొలిచినప్పుడు చంద్రపూర్ 83.88 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. బూడిదకు పేరుపడ్డ చోట రైలు దిగగానే అడవి కనిపించేలా చేసిన చిత్రకారుల మీద నాకు గౌరవమే ఉంది. ఈ కథనంలో వాళ్ళ పని మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

నాలుగేళ్ళు గడిచాయి. 2022 నవంబరు 27, ఆదివారం. సాయంత్రం ఐదు దాటింది. కాజీపేట–పుణె ఎక్స్‌ప్రెస్ అందుకోవాలని జనం ఒకటో ప్లాట్‌ఫారం నుంచి నాలుగో ప్లాట్‌ఫారానికి పాదచారుల వంతెన మీద వడివడిగా నడుస్తున్నారు. కాళ్ళ కింది కాంక్రీటు పలక ఊడి పట్టాల మీద పడింది. దానితో పాటు మనుషులూ పడ్డారు. ఒక మహిళ ప్రాణం పోయింది. పదిమందికి పైగా గాయపడ్డారు.

వంతెన కూలలేదు, ముందే పోతపోసి తెచ్చి అమర్చిన పలకలో కొంత భాగం ఊడిందంతే అని రైల్వే వివరణ ఇచ్చింది. ఇంజినీరింగ్ లెక్కలో ఆ మాట నిజమే కావచ్చు. దూలాలు నిలిచాయి, స్తంభాలు నిలిచాయి. కానీ సంచీ భుజానికి తగిలించుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడిచే మనిషికి వంతెనంటే పాదం మోపిన ఆ పలకే. మిగతాదంతా నిలిచి ఉండి ఆ ఒక్కటీ ఊడితే, అతనికి వంతెన లేనట్టే.

దీనికి సరిగ్గా నాలుగు వారాల ముందు, అక్టోబరు 30న, గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. అదీ ఆదివారమే. బాగుచేశామని చెప్పి తిరిగి తెరిచి అప్పటికి వారం కూడా కాలేదు. ప్రభుత్వం వేసిన దర్యాప్తు బృందం తర్వాత ఏం తేల్చిందో చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక ప్రధాన తీగలోని 49 వైర్లలో 22 అప్పటికే తుప్పు తినేసి ఉన్నాయి. పాత వేలాడుకడ్డీలకే కొత్తవి వెల్డింగు చేశారు. నడకదారిలో చెక్కలు తీసి అల్యూమినియం పరిచారు. అంటే కంటికి ఆనే నేల మారింది, బరువు మోసే తీగ మారలేదు.

మన కాలంలో డిజైన్‌కు ఎక్కడలేని గౌరవం వచ్చింది. ఫోన్ కొన్నా, ఫ్లాట్ కొన్నా ముందు ఫినిషింగ్ చూస్తున్నాం. చూడటం తప్పు కాదు. అందం కూడా నాణ్యతలో పాలుదారే. అయితే ప్రారంభోత్సవం నాటికి మెరవాల్సినదానికి డబ్బు ఇట్టే మంజూరవుతుంది. ఆరేళ్ళ తర్వాత బోల్టు బిగించడానికి కావాల్సిన నాలుగు రూపాయలకు మాత్రం ఫైలు కదలదు. రిబ్బన్ కత్తిరించిన రోజున వచ్చే కెమెరా, తుప్పు గీకే రోజున రాదు. ఒక వస్తువు పదేళ్ళు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఆ తుప్పు గీకే రోజునే తేలుతుంది. దీనికి చంద్రపూర్ జిల్లా కన్నా మంచి పాఠశాల నాకు కనిపించలేదు. అక్కడ రెండు రకాల పనీ పక్కపక్కనే ఉంది.

దుంగ మీద నంబరు

వంతెన పలక ఊడిన నాలుగు నెలలకు, 2023 మార్చి 29న, అదే బల్లార్షాలో టేకు దుంగలకు పూజ చేసి ఊరేగింపుగా సాగనంపారు. అయోధ్య రామాలయం తలుపుల కోసం మహారాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ డిపో నుంచి 1,800 పైచిలుకు ఘనపుటడుగుల కలప బయలుదేరింది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ సిఫారసు మీదే ఈ కలపను ఎంచుకున్నారని అప్పటి రాష్ట్ర అటవీ మంత్రి సుధీర్ ముంగంటివార్ చెప్పారు. తలుపులు చేసే బాధ్యత హైదరాబాద్‌కు చెందిన అనూరాధ టింబర్ ఇంటర్నేషనల్‌ది. చెక్కింది తమిళనాడు శిల్పులు. మరాఠీ అడవి, తెలుగు కార్ఖానా, తమిళ ఉలి కలిసి చేసిన ఆ తలుపులకు తర్వాత బంగారు తాపడం చేశారు. 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగినప్పుడు టీవీల్లో దేశమంతా చూసింది బంగారాన్నే. మోసింది మాత్రం లోపలి టేకు.

ఈ టేకు మనకు కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో అహేరి అడవుల దుంగలు ప్రాణహితలో తేలుతూ వచ్చి గోదావరిలో కలిసి కోస్తాకు చేరేవి. ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో ఉన్న ఆ అడవులన్నీ 1982 దాకా చంద్రపూర్ జిల్లాలోవే. అసలు సరిహద్దే అటూ ఇటూ జరిగింది. వార్ధా ఇవతలి ఒడ్డున ఉన్న రాజురా తాలూకా నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లాది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగాకే అది అటు పోయింది. బల్లార్షా వీధుల్లో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ చరిత్ర తెలియనివాళ్ళే.

మధ్య భారతం టేకు నెమ్మదిగా పెరుగుతుంది. చంద్రపూర్‌లో మే నెల ఎండ 46, 47 డిగ్రీలు దాటుతుంది. జూలైలో కుండపోత. చెట్టు ఏడాదికో వలయం చొప్పున ఒళ్ళు కూడదీసుకుంటుంది. ప్రభుత్వ అడవిలో అరవై, ఎనభై ఏళ్ళు ఆగితేగాని కొట్టరు. అంతకాలం నిలిచిన మానులో మధ్యభాగం ముదురు బంగారు రంగు తిరిగి చేవదేలుతుంది. చెదను దగ్గరికి రానివ్వని సహజ రసాయనాలు, నూనె ఆ చేవలోనే ఉంటాయి. చుట్టూ ఉండే తెల్ల భాగంలో ఉండవు. తొందరపడి కొట్టిన చెట్టులో తెల్లదే ఎక్కువ. రంగు పూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఐదేళ్ళ తర్వాత చెద వచ్చి తేడా చెబుతుంది.

డిపోలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేరే సంగతి. అడవిలో కూలిన ప్రతి దుంగకూ నంబరు పడుతుంది. అటవీశాఖ సుత్తితో దాని మొదట్లో ముద్ర కొడతారు. పొడవెంత, చుట్టుకొలతెంత, ఏ అడవి గడిలో కొట్టింది, అన్నీ జాబితాకెక్కుతాయి. వేలంలో కొన్నవాడు ఆ నంబరుతోనే లారీ ఎక్కించాలి. దొంగరవాణాను ఆపడానికి పుట్టిన పద్ధతి ఇది. కానీ దానివల్ల ఇంకో మేలు జరిగింది. ఆ దుంగ ఎక్కడిదో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పగల కాగితం దానికి ఉంది. మన ఇళ్ళల్లో ఎన్ని వస్తువులకు అలాంటి కాగితం ఉంది?

దుంగ కోశాక పని మొదలవుతుంది. పలకల మధ్య సన్నని చీలికలు పెట్టి, గాలి ఆడేలా దొంతరలు పేర్చి, ఎండ నేరుగా తగలకుండా ఆరబెట్టాలి. కొసల్లోంచి తేమ త్వరగా పోయి కర్ర పగులుతుంది కనుక కొసలకు రంగో మైనమో పూస్తారు. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. ఇప్పుడు వేడిగదుల్లో తేమను కొలుస్తూ వారాల్లోనే ఆరబెడతారు. యంత్రం వచ్చి కాలాన్ని కుదించింది, అది మంచిదే. అయితే మీటరు చూపించిన అంకె దగ్గర నిజంగా ఆగాడా, లారీ వచ్చిందని రెండు రోజులు ముందే తీసేశాడా అన్నది ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉంది.

మన ఇంటి తలుపు

పాత దర్వాజాను ఒకసారి దగ్గరగా చూడండి. నాలుగు వైపులా చట్రం, మధ్యలో పలకలు. ఆ పలకలను చట్రానికి మేకులతోనో జిగురుతోనో బిగించరు. చట్రంలో తీసిన గాడిలో వదులుగా కూర్చోబెడతారు. కర్ర నిలువునా దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. పలకను గట్టిగా బిగిస్తే మే నెలలో చీలుతుంది. గాడిలో వదిలేస్తే ఏటా అటూ ఇటూ జరుగుతూ తన పని తాను చేసుకుంటుంది. చూసేవాళ్ళకు అది నగిషీ. వడ్రంగికి అది వాతావరణ శాస్త్రం. విశ్వవిద్యాలయాలు చెప్పకముందే మన వడ్లవాళ్ళకు తెలిసిన సంగతి ఇది. వాళ్ళ పేర్లు ఏ గడప మీదా చెక్కి లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు అర్థానికి తావివ్వకూడదు. పాతదంతా గొప్పది, కొత్తదంతా నాసి అన్నది నా వాదన కాదు. ప్లైవుడ్ గొప్ప ఆవిష్కరణ. పలుచని పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డం, నిలువు మార్చి అతికిస్తారు. ఒక పొర కదలబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. గాడిలో వదులుగా కూర్చున్న పలకా, అడ్డదిడ్డంగా అతికిన పొరా ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. పైగా తెలుగు రాష్ట్రాల్లో లేచే ప్రతి అపార్ట్‌మెంటుకూ ఎనభై ఏళ్ళ టేకు తలుపు కావాలంటే తాడోబా చుట్టూ అడవి మిగలదు. సాంకేతికత మనల్ని అడవి నరకకుండా కాపాడగలదు. నిజాయితీగా చేస్తేనే.

ఆ నిజాయితీకి కొలతలు కూడా ఉన్నాయి. మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 710. దాని ప్రకారం ముక్కను 72 గంటలు మరిగే నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. చెక్క ఫ్లష్ డోర్లకు ఐఎస్ 2202. తలుపు అడుగుభాగాన్ని నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి చూసే పరీక్ష ఉంది. స్నానాల గది తలుపుకు మనింట్లో రోజూ జరిగే పరీక్షే అది. ఈ ప్రమాణాలు రాసినవాళ్ళు ఇంటి బతుకు తెలిసినవాళ్ళే.

మరి మన ఫ్లాట్ల స్నానాల గది తలుపులు రెండేళ్ళకే అడుగున ఉబ్బి పొరలు ఎందుకు విప్పుతున్నాయి? మోడల్ ఫ్లాట్‌లో చూపించే తలుపు వేరు, తాళాలు ఇచ్చే నాటి తలుపు వేరు కావడం వల్ల. "710" అంకెను ముద్ర కొట్టడం, 710 ప్లైవుడ్ చేయడం కన్నా చవక కావడం వల్ల. లామినేట్ కింద ఏముందో అడగడానికి కొనేవాళ్ళం మొహమాటపడటం వల్ల. ఐఎస్‌ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నంబరు ఎవరిదో, ఇంకా చెల్లుతుందో లేదో క్షణంలో తెలుస్తుంది. కోటి రూపాయల ఫ్లాట్ కొనేటప్పుడు ఆ అరనిమిషం పని ఎంతమంది చేస్తున్నారు? వాస్తు పండితుణ్ణి తీసుకెళ్ళి తలుపు ఏ దిక్కుకుందో చూపించుకుంటాం. తలుపు దేనితో చేశారో చూపించుకోం.

అదే కార్పెంటర్లు, అదే యంత్రాలు, అదే మిల్లులు. గుడి తలుపు దగ్గర పొరపాటుకు చోటివ్వరు, పేదింటి తలుపు దగ్గర దేనికైనా సరే అంటారు. నైపుణ్యం మన దగ్గర లేకపోవడం కాదిది. ఎవరి కోసం దాన్ని వాడాలో తేల్చుకోవడంలో వచ్చిన తేడా. దేశం చూసే తలుపుకు దొరికిన శ్రద్ధలో పదో వంతు, ప్రభుత్వం కట్టించే రెండు గదుల ఇళ్ళ తలుపులకు దొరికినా లక్షల కుటుంబాలు సుఖపడతాయి.

వెదురు కంచె

చంద్రపూర్ అడవుల వెదురుకు చాలాకాలం ఒకటే గమ్యం, కాగితం గుజ్జు. 1945లో మొదలైన బల్లార్‌పూర్ మిల్లు దాన్ని మింగుతూ వచ్చింది. మనవైపు కాగజ్‌నగర్ మిల్లూ అంతే. మేదరివాళ్ళకు, మరాఠీలో బురుడులకు, మాత్రం వెదురులో వెదురుకు తేడా ఉంది. లేతది పురుగు పడుతుంది, మూడేళ్ళు నిండినది నిలుస్తుంది. ఏ కాలంలో నరకాలో, ఏ కణుపు దగ్గర చీల్చాలో వాళ్ళకు వేళ్ళే చెబుతాయి. గుజ్జుగా చేసే యంత్రానికి ఆ తేడాతో పనిలేదు కనుక, ఆ విద్యకు కూలి రేటు కూడా పలకలేదు.

ఈమధ్య గాలి కొంచెం మారింది. చంద్రపూర్ దగ్గరి చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం వెలిసింది. 2023 మార్చిలో వణి–వరోరా రహదారి పక్కన 200 మీటర్ల మేర వెదురుతో చేసిన రక్షణ కంచె నిలబెట్టారు. పేరు బాహుబల్లి. ప్రపంచంలో ఇదే మొదటిదని కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ ప్రకటించారు. వెదురును క్రియోసోట్ నూనెతో శుద్ధి చేసి, మీద రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ పూత వేశారు. పీతంపూర్‌లోని వాహన పరీక్షా కేంద్రంలో, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో పరీక్షలు నెగ్గింది. ఉక్కు కంచె బదులు వెదురు కంచె! వార్త విన్న రోజున నాకు నిజంగా సంతోషం కలిగింది. అడవి పక్క రైతుకు ఆదాయం, దేశానికి ఉక్కు ఆదా.

కానీ మోర్బీ చదివినవాళ్ళకు రెండో ప్రశ్న రాక తప్పదు. ప్రయోగశాలలో కొత్త ముక్క నెగ్గింది. పది విదర్భ ఎండాకాలాలు, పది వానాకాలాలు చూసిన ముక్కను ఎవరు, ఏ నెలలో, ఏ పరికరంతో పరీక్షిస్తారు? ఆ ఖర్చు ఏ పద్దులో ఉంది? కొత్తది కనిపెట్టినవాళ్ళను అభినందిస్తూనే ఈ మాట అడగాలి.

తిరిగి వచ్చి చూసుకోవడమంటే ఏమిటో అదే జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ చేసి చూపించింది. గోండు రాజు ఖాండక్యా బల్లాల్ షా మొదలుపెట్టిన చంద్రపూర్ కోట గోడ జట్‌పురా, బింబా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ అనే నాలుగు దర్వాజాలతో పాత ఊరిని చుట్టి ఉంటుంది. రాతి సందుల్లో రావి మొక్కలు వేళ్ళు దిగేసి, బురుజుల మీద చెత్త పేరుకుని అది పాడుబడుతూ వచ్చింది. 2017లో ఈకో–ప్రో సంస్థ యువకులు పారలు పట్టుకుని రోజూ పొద్దున్నే గోడ ఎక్కడం మొదలుపెట్టారు. రెండు వందల రోజులు దాటాక ఆ ఏడాది అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో వాళ్ళ గురించి చెప్పారు. ప్రశంస అందిందని పని ఆపలేదు, ఆ తర్వాతా వందల రోజులు కొనసాగించారు. కొత్తగా ఒక్క రాయి పేర్చలేదు, రంగు వేయలేదు. మొక్కను వేరుతో సహా తీశారు, మర్నాడు మళ్ళీ వచ్చారు. గోడ కట్టినవాడికి ఎంత ఇంజినీరింగ్ తెలుసో, ఆ గోడను నిలబెట్టుకోవడానికీ అంతే కావాలి.

తేదీ రాసిన సిలిండరు

కనపడని నాణ్యతను అందరికీ కనపడేలా చేయడం కష్టమేమీ కాదు. మన వంటింట్లోనే ఆ పని జరుగుతోంది. గ్యాస్ సిలిండరు మెడ కింది పట్టీ మీద ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి ఆ తర్వాతి మూడేసి నెలలు. పక్కన సంవత్సరం. ఆ గడువులోగా సిలిండరును మళ్ళీ పరీక్షించాలి. చదువు అంతంతమాత్రమే వచ్చిన గృహిణి కూడా అది చూసి "ఇది తీసుకుపో, ఇంకోటి తే" అనగలదు. ఆ పట్టీ మీద రంగులు లేవు, బొమ్మలు లేవు. అయినా నా దృష్టిలో ఈ దేశంలోని మంచి డిజైన్లలో అదొకటి. ఎందుకంటే అది అధికారం వాడుకునేవాళ్ళ చేతికిచ్చింది.

రైల్వేకు కూడా ఈ విద్య తెలుసు. ఏ బోగీ కొస గోడనైనా చూడండి. ఏ వర్క్‌షాపులో, ఏ తేదీన పూర్తిగా విప్పి బాగుచేశారో, మళ్ళీ ఏ తేదీకి అక్కడికి తిరిగి వెళ్ళాలో పెయింటుతో రాసి ఉంటుంది. పీఓహెచ్, రిటర్న్ డేట్ అనే ఆ రెండు గళ్ళను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఎవరైనా చదువుకోవచ్చు. చక్రాల మీద తిరిగే బోగీకి ఉన్న ఈ మర్యాద, దాని పక్కనే నిలబడి ఉండే పాదచారుల వంతెనకు ఎందుకు ఉండకూడదు? వంతెనలకూ తనిఖీలుంటాయి, వాటికీ రిజిస్టర్లుంటాయి. అవి ఆఫీసు బీరువాలో ఉంటాయి. మెట్ల దగ్గర ఉండవు.

కాబట్టి అడగాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ప్రతి వంతెన మొదటి మెట్టు పక్కన, మనిషి కంటి ఎత్తులో, నాలుగు వరుసలు. ఎప్పుడు కట్టారు. పలకలూ బోల్టులూ చివరిసారి ఎప్పుడు చూశారు. మళ్ళీ ఎప్పటిలోగా చూడాలి. చూసిన అధికారి హోదా ఏమిటి. ఆ ప్రాంత భాషలో, పెద్ద అక్షరాల్లో. బల్లార్షాలో అయితే మరాఠీ, హిందీ, తెలుగు మూడింటిలో. స్టేషన్ల వంతెనలతో ఆపనక్కర్లేదు. కాలనీ నీళ్ళ ట్యాంకులకు, బడి వరండాల స్లాబులకు, బాహుబల్లి కంచెకు, రోడ్డు దాటే ఫుట్‌బ్రిడ్జిలకు కూడా. మూడో వరుసలోని తేదీ దాటిపోతే ఫొటో తీసి రైల్ మదద్‌లోనో, మునిసిపాలిటీ యాప్‌లోనో పెట్టడానికి ప్రతి ప్రయాణికుడి చేతిలోనూ ఫోన్ సిద్ధంగా ఉంది. ముందు ఆ తేదీ రాయాలి.